చిన్న స్కూల్ కోచ్‌ని పెద్ద స్కూల్ తెచ్చుకుంటే దెబ్బ ఎక్కడ తగులుతుంది?

మీరడిగింది చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీరు డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టారు. ఆట కాస్త అర్థమై, టీమ్ వరసగా గెలుస్తుంటే సరదా పుట్టేసరికి కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లిపోయారు. "చిన్న ప్రోగ్రామ్ నుంచి కోచ్‌ని తెచ్చుకోవడం జూదం" అని మీ ల్యాబ్‌లో అమెరికన్ స్నేహితులు అంటున్నారు (ఇక్కడ స్కూల్ అంటే యూనివర్సిటీ, ప్రోగ్రామ్ అంటే దాని ఫుట్‌బాల్ టీమ్). అది నిజమా, నిజమైతే రిస్క్ ఎక్కడుంది, మీకు కొత్తగా వచ్చిన నీల్ బ్రౌన్ మీద ఆశ పెట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఎంఎస్‌కి వచ్చిన కొత్తలో క్యాంపస్ జాబ్ కోసం లైబ్రరీ, కెఫెటీరియా, పార్కింగ్ ఆఫీసు అన్నీ తిరిగాక, చివరికి ఫుట్‌బాల్ టీమ్ వీడియో రూమ్‌లో దొరికింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఒక చిన్న యూనివర్సిటీ అది, పేరు వద్దు. మ్యాచ్ వీడియోని ఒక్కో ప్లేగా ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ అది ఎన్నో డౌన్ (పది యార్డులు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని యార్డులు కావాలి, బంతి మైదానంలో ఏ హాష్ గీత మీద ఉంది, ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్న పక్షం) ఎలా నిలబడింది అని ట్యాగ్ పెట్టాలి. శనివారం మ్యాచ్ అయితే ఆదివారం పొద్దున కోచ్‌లు వచ్చేసరికి అంతా రెడీగా ఉండాలి. ఆ పనిలో ఉండగానే మా హెడ్ కోచ్‌ని ఒక పెద్ద స్కూల్ ఎగరేసుకుపోయింది. తర్వాత ఉద్యోగం డాలస్‌లో, ఇల్లు ఫ్రిస్కోలో. ఆట పిచ్చి మాత్రం వదల్లేదు.

జూదమన్న మాట నిజమే. కానీ ఊరు చిన్నదవడం వల్ల వచ్చే రిస్క్ మీవాళ్లు అనుకున్నంత లేదు. అక్కడి గెలుపుల్లో ఆ మనిషి వాటా ఎంత, ఆయన చుట్టూ ఉన్నవాళ్ల వాటా ఎంత అని తేల్చుకోకుండా, మూడు రోజుల్లో బేరం ముగించి, ఆరేళ్లకి డబ్బు రాసివ్వడంలోనే అసలు రిస్క్ అంతా ఉంది. టిఫిన్ సెంటర్లో దోశ అద్భుతంగా ఉందని మాస్టర్‌ని మన హోటల్‌కి తెచ్చుకుంటాం. పిండి రుబ్బే ఆమెని అక్కడే వదిలేస్తాం. పెద్ద స్కూళ్లు పదే పదే చేసేది ఇదే.

ఒక్క శనివారం చూపిస్తాను: 2018 సెప్టెంబర్ 15.

ఆ రోజు ఆర్కన్సా సొంత మైదానంలో మీ నార్త్ టెక్సస్ ఆడింది. ఆర్కన్సాకి అప్పుడు కొత్త కోచ్ చాడ్ మోరిస్ (మీ ఎరిక్ మోరిస్ వేరు), డాలస్‌లోని ఎస్‌ఎంయూ నుంచి వచ్చినాయన. మొదటి క్వార్టర్లో (మ్యాచ్ మొదటి పావు) ఆర్కన్సా పంట్ కొట్టింది, అంటే బంతిని కాలితో దూరంగా తన్ని అవతలివాళ్లకి వదిలేసింది. నార్త్ టెక్సస్ ఆటగాడు కీగన్ బ్రూవర్ బంతి పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. ఫెయిర్ క్యాచ్ అడిగితే, అంటే నేను పరిగెత్తను నన్ను కొట్టొద్దని చెయ్యి ఊపితే, ఎదుటివాళ్లు ముట్టుకోకూడదు. బ్రూవర్ చెయ్యి ఊపనే లేదు, ఊరికే నిలబడ్డాడంతే. ఆర్కన్సా వాళ్లు ప్లే అయిపోయిందనుకుని అతని పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లారు. నలుగురూ దాటిపోయాక అతను పరుగందుకున్నాడు. 90 యార్డులు, అవతలి చివరి గీత దాటి టచ్‌డౌన్. చివరికి 44-17తో నార్త్ టెక్సస్ గెలిచింది. ఆ క్లిప్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో తిరుగుతూనే ఉంటుంది, మీ ల్యాబ్‌లో ఎవరినైనా అడగండి.

అదే శనివారం నెబ్రాస్కాలో ట్రాయ్ అనే అలబామా చిన్న స్కూల్ 24-19తో నెబ్రాస్కాని ఓడించింది. నెబ్రాస్కా కోచ్ స్కాట్ ఫ్రాస్ట్, చిన్న ప్రోగ్రామ్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ ట్రాయ్ కోచ్ ఎవరో తెలుసా? నీల్ బ్రౌన్. ఇప్పుడు మీ డెంటన్‌కి వచ్చినాయనే. ఆయన దగ్గరికి చివర్లో వస్తాను.

చాడ్ మోరిస్ సంగతి త్వరగా తేలిపోయింది. ఎస్‌ఎంయూలో ఆయన మొత్తం రికార్డు 14 గెలుపులు, 22 ఓటములు. గెలుస్తున్న కోచ్‌ని తెచ్చుకున్నారని కూడా అనలేం. క్లెమ్సన్‌లో ఆఫెన్స్ నడిపాడన్న పేరు, ఏటేటా రెండు మూడు గెలుపులు పెరుగుతున్నాయన్న లెక్క, అంతే. ఆర్కన్సాలో రెండు సీజన్లు కూడా పూర్తవలేదు: 4 గెలుపులు, 18 ఓటములు. ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌లో (దక్షిణాది పెద్ద స్కూళ్ల లీగ్) 14 ఆడి పద్నాలుగూ ఓడారు. చివరి దెబ్బ 2019 నవంబర్లో వెస్టర్న్ కెంటకీ చేతిలో, సొంత మైదానంలో 45-19. అవతలి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆఫెన్స్‌ని నడిపే ఆటగాడు) టై స్టోరీ అంతకుముందు ఏడాది ఆర్కన్సాలోనే ఆడి, అక్కడి నుంచి వెళ్లిపోయిన కుర్రాడు. అభిమానుల కడుపు మండదా మరి.

ఫ్రాస్ట్ కథ అలాంటిది కాదు. ఆయన్ని తెచ్చుకున్నప్పుడు తప్పన్నవాళ్లు దాదాపు లేరు, నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే. సెంట్రల్ ఫ్లోరిడా 2015లో 12 ఆడి పన్నెండూ ఓడిన టీమ్. ఫ్రాస్ట్ వచ్చాక 2016లో 6-7 (ముందుది గెలుపులు, తర్వాతది ఓటములు), 2017లో 13-0, చివర్లో పీచ్ బౌల్ అనే సీజన్ ముగింపు మ్యాచ్‌లో ఆబర్న్ మీద గెలుపు. పైగా నెబ్రాస్కా 1997లో టైటిల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆయనే. సొంతూరి బిడ్డ, ఓటమి ఎరగని కోచ్, ఇంకేం కావాలి? తన అసిస్టెంట్లందరినీ దాదాపుగా వెంటబెట్టుకుని వచ్చాడు కూడా. నెబ్రాస్కాలో చివరికి మిగిలింది 16 గెలుపులు, 31 ఓటములు.

ఎక్కడ తేడా కొట్టింది? 2021 సీజన్ చూడండి. 3 గెలిచి 9 ఓడారు. ఓడిన తొమ్మిదింట్లో ప్రతి మ్యాచూ తొమ్మిది లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతోనే పోయింది. అంటే టీమ్ మరీ చేతకానిది కాదు. దగ్గరి మ్యాచ్‌లు గెలిపించే పనులు, స్పెషల్ టీమ్స్ (కిక్‌లు, పంట్‌ల సమయంలో దిగేవాళ్లు), నాలుగో క్వార్టర్లో టైమ్ వాడుకోవడం, ఎప్పుడు దూకాలో ఎప్పుడు ఆగాలో తెలియడం, అవే లేవు. సెంట్రల్ ఫ్లోరిడాలో ఆయన ఆఫెన్స్ ఎంత వేగంగా ఆడేదంటే చాలా మ్యాచ్‌లు మూడో క్వార్టర్‌కే తేలిపోయేవి. నాలుగో క్వార్టర్ నైపుణ్యం అక్కడ పెద్దగా అవసరం పడలేదు, కాబట్టి అది ఉందో లేదో ఎవరికీ కనిపించలేదు. 2022 ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17తో ముందుండి, మూడో క్వార్టర్లో ఉన్నట్టుండి ఆన్‌సైడ్ కిక్ కొట్టించాడు, అంటే బంతిని దగ్గర్లోకే తన్ని మళ్లీ తామే పట్టుకోవాలని చూడటం. బంతి అవతలివాళ్లకి దొరికింది, మ్యాచ్ 31-28తో పోయింది. ముందున్న టీమ్ అలాంటి సాహసం ఎందుకు చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండు వారాలకి జార్జియా సదర్న్ వచ్చి 45-42తో కొట్టిపోయింది. మర్నాడే తీసేశారు.

ఆ తీసేసిన తేదీ కూడా గమనించాల్సిందే. సెప్టెంబర్ 11. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే ఆయనకి ఇవ్వాల్సిన బైఅవుట్ (కాంట్రాక్టు ముగియకముందే తీసేస్తే కట్టాల్సిన సొమ్ము) 15 మిలియన్ డాలర్ల నుంచి 7.5 మిలియన్లకి తగ్గేది. మూడు వారాలు ఓపిక పట్టలేక ఏడున్నర మిలియన్లు ఎక్కువ కట్టారు. మన లెక్కలో అరవై కోట్లకి పైమాటే.

ఇక నేను లోపలి నుంచి చూసింది. మా కోచ్ వెళ్లిపోతున్నాడన్న కబురు మాకు ఫోన్లలోనే ముందు తెలిసింది. టీమ్ మీటింగ్ పెట్టి నాలుగు మాటలు చెప్పి ఆయన వెళ్లిపోయాడు. తర్వాత వారంలో అసలు తమాషా. ఎవరిని తీసుకెళ్తాడు, ఎవరిని వదిలేస్తాడు అని హాల్లో గుసగుసలు, ఒకటే టెన్షన్. ఆఫెన్స్ కోఆర్డినేటర్ వెళ్లాడు. డిఫెన్స్ నడిపే ముసలాయన వెళ్లలేదు, ఆ పెద్ద స్కూల్‌కి అంతకంటే పేరున్న మనిషి కావాలట. ఆఫెన్సివ్ లైన్ కోచ్‌ని కూడా వదిలేశాడు. అక్కడ హైస్కూల్ కోచ్‌లందరితో పరిచయాలున్న లోకల్ మనిషిని ఉంచుకోవాలని ఆ పెద్ద స్కూల్ షరతు. చలికాలమంతా కుర్రాళ్లకి బరువులెత్తించి ఒళ్లు చేయించిన స్ట్రెంగ్త్ కోచ్‌ని ఎవరూ పిలవనే లేదు. ఆ మూడేళ్ల ఫిల్మ్ ముక్కలు చేసినవాణ్నిగా నాకు తెలిసిన విషయం ఏంటంటే, మా గెలుపుల్లో సగం ఆ ముసలాయన డిఫెన్స్‌వే. మా హెడ్ కోచ్ తెలివైనవాడే, మాట మంచిది, పని రాక్షసుడు. కానీ పెద్ద స్కూల్‌కి వెళ్లింది అందులో సగమే. అక్కడ ఆయన నిలదొక్కుకోలేకపోయాడంటే మా వీడియో రూమ్‌లో ఎవరం ఆశ్చర్యపోలేదు.

ఫిల్మ్‌లో ఇంకోటి కూడా కనిపించేది. మాలాంటి చిన్న టీమ్‌లు సీజన్ మొదట్లో డబ్బు కోసం పెద్ద స్టేడియంలకి వెళ్లి ఆడతాయి, మిలియన్ డాలర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఇస్తారు. ఆ మ్యాచ్‌ల్లో మొదటి సగం మేం బాగానే ఆడేవాళ్లం. స్క్రిప్ట్ రాసుకున్న ప్లేలు, ఒకటి రెండు ట్రిక్కులు, అన్నీ పారేవి. మూడో క్వార్టర్ ట్యాగ్ చేసేటప్పుడు మాత్రం మా లైన్‌మెన్ (ముందు వరసలో తోసుకునే భారీ ఆటగాళ్లు) ప్లేకీ ప్లేకీ మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండేవాళ్లు. అవతల 300 పౌండ్ల మనుషులు ఇద్దరు వెళ్తే ఇంకో ఇద్దరు దిగేవాళ్లు. చిన్న కాన్ఫరెన్స్‌లో ఇలాంటి రోజు ఏడాదికి ఒకటో రెండో. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌లలో దాదాపు ప్రతి శనివారం అదే. చిన్న చోట తెలివైన ప్లే పిలిచి గెలిచిన కోచ్‌కి లైన్ కట్టడం వచ్చో రాదో ఆ ఒకటి రెండు మ్యాచ్‌ల బట్టి తెలియదు. అందుకే "ఫలానా పెద్ద టీమ్‌ని ఓడించాడు" అన్న ఒక్క ముక్క చూసి కోచ్‌ని కొనేవాళ్లని చూస్తే నాకు భయం.

దీనికి టామ్ హర్మన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. హ్యూస్టన్‌లో రెండేళ్లలో 22 గెలుపులు, 4 ఓటములు. గెలిచినవాటిలో ఫ్లోరిడా స్టేట్, ఓక్లహోమా, లూయీవిల్ లాంటి పెద్ద పేర్లున్నాయి. ఓడిన నాలుగు ఎవరి మీద? యూకాన్, నేవీ, ఎస్‌ఎంయూ, మెంఫిస్. పెద్దవాళ్లు ఎదురైతే పూనకం వచ్చినట్టు ఆడే టీమ్, మామూలు శనివారం నిద్రపోయేది. ఇది కాంట్రాక్టు మీద సంతకం కాకముందే అందరికీ కనిపిస్తున్న విషయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆయన్ని తెచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లోనే, 2017లో, మేరీలాండ్ చేతిలో ఓటమి. 2018 మొదటి మ్యాచ్, మళ్లీ మేరీలాండే, మళ్లీ ఓటమి. అదే సీజన్ చివర్లో షుగర్ బౌల్‌లో జార్జియా మీద గెలుపు! నాలుగేళ్లలో ఆడిన బౌల్ మ్యాచ్‌లు నాలుగూ గెలిచాడు, మొత్తం రికార్డు 32-18, అయినా 2021 జనవరిలో పంపించేశారు. హ్యూస్టన్‌లో ఉన్న మనిషే ఆస్టిన్‌లోనూ ఉన్నాడు, మారిందేమీ లేదు. ఓటముల జాబితా ఎవరూ చదవలేదంతే.

ఇంకో రకం మోసం ఉంది, అందులో కోచ్ తప్పేం ఉండదు. కొన్ని చిన్న స్కూళ్లు ఎవరు కోచ్ అయినా గెలుస్తాయి. ఐడహోలో బాయిసీ స్టేట్ అలాంటిది. డాన్ హాకిన్స్ అక్కడ 53 గెలిచి 11 ఓడాడు, 2005 చివర్లో కొలరాడో తీసుకెళ్లింది, అక్కడ 19-39. ఆయన వెళ్లిన మరుసటి ఏడాదే క్రిస్ పీటర్సన్ బాయిసీని 13-0కి తీసుకెళ్లి, ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాని 43-42తో ఓడించాడు. పద్నాలుగేళ్ల తర్వాత ఆబర్న్ అదే బాయిసీ నుంచి బ్రయన్ హార్సిన్‌ని తెచ్చుకుంది. బాయిసీలో 69-19, ఆబర్న్‌లో 9-12. రెండో సీజన్ కూడా పూర్తి కాకుండానే సాగనంపారు, బైఅవుట్ సుమారు 15 మిలియన్లు. హార్సిన్‌కి ఇంకో ఇబ్బంది కూడా వచ్చిపడింది. ఆబర్న్‌లో కుర్రాళ్లు అలబామా, జార్జియా, ఫ్లోరిడా హైస్కూళ్ల నుంచి రావాలి, ఆయన పరిచయాలన్నీ పశ్చిమాన. డబ్బిచ్చే బూస్టర్లు చెప్పేది వినాలి, ఆయనది ఎవరి మాటా వినే స్వభావం కాదు. మొదటి సీజన్ అయిన వెంటనే 2022 ఫిబ్రవరిలోనే ఆయన ఉంటాడా ఊడతాడా అని యూనివర్సిటీ స్థాయిలో పంచాయితీ నడిచింది. అలా అని బాయిసీ వాళ్లందరూ దండగ అనలేం. ఆ పీటర్సనే వాషింగ్టన్‌కి వెళ్లి 2016లో జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ ఆడించాడు. కాకపోతే ఆయన ఎనిమిదేళ్లు అక్కడే ఉండి, బోలెడన్ని ఆఫర్లు వదులుకుని, తనకి నచ్చిన చోటికే వెళ్లాడు.

ఇంత తెలిసీ ఎందుకు తొందరపడతారు? క్యాలెండర్ అలాంటిది. 2025లో ఫ్లోరిడా, ఆబర్న్, ఆర్కన్సా ముగ్గురూ నవంబర్ 30 ఆదివారమే కొత్త కోచ్‌లని ప్రకటించారు. హైస్కూల్ కుర్రాళ్లు సంతకాలు పెట్టే రోజు డిసెంబర్ 3. జనవరి పుట్టగానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (స్కూల్ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే జాబితా) తెరుచుకుంటుంది. ఒక్క వారం ఆలస్యమైతే ఉన్న ఆటగాళ్లు కూడా జారిపోతారు. అథ్లెటిక్ డైరెక్టర్ మీద బూస్టర్ల ఒత్తిడి, అవతల అదే కోచ్ కోసం ఇంకో రెండు స్కూళ్లు. ఏజెంట్‌కి ఇంకేం కావాలి? ఆరేళ్ల కాంట్రాక్టు, డబ్బు దాదాపు అంతా గ్యారంటీ. మన దగ్గర పెళ్లి సంబంధానికి కూడా అంతకంటే ఎక్కువ వాకబు చేస్తారు. విల్లీ టాగర్ట్‌ని ఫ్లోరిడా స్టేట్ తీసుకున్నప్పుడు హెడ్ కోచ్‌గా ఆయన మొత్తం రికార్డు 47-50. తీసేసినప్పుడు 9-12, బైఅవుట్ సుమారు 18 మిలియన్లు. బిల్లీ నేపియర్ లూసియానాలో 40-12, ఫ్లోరిడాలో 22-23, 2025 అక్టోబర్లో ఇంటికి, సుమారు 21 మిలియన్లు చేతికి. ఆయన చివరిదాకా ప్లేలు తనే పిలిచేవాడు. ఇంకొకరికి అప్పజెప్పమని ఎంతమంది మొత్తుకున్నా వినలేదు. చిన్న చోట అన్నీ తనే చూసుకునే అలవాటు పెద్ద చోట ఎలా మెడకి చుట్టుకుంటుందో తెలియాలంటే ఆయన్ని చూడాలి.

అయితే పేరున్నవాళ్లని తెచ్చుకుంటే క్షేమం అనుకుంటున్నారా? టెక్సస్ ఏ అండ్ ఎమ్ జాతీయ టైటిల్ గెలిచిన జింబో ఫిషర్‌ని తెచ్చుకుని, 2023లో తీసేయడానికి 76 మిలియన్ల దాకా రాసిచ్చింది. ఎల్‌ఎస్‌యూ నోటర్‌డామ్ నుంచి బ్రయన్ కెల్లీని తెచ్చుకుని 2025లో తీసేసింది, అదో యాభై నాలుగు మిలియన్ల లెక్క. ఈ రెంటి ముందు చిన్న కోచ్‌ల బైఅవుట్లు చిల్లరలా కనిపిస్తాయి. అందుకే మీ ల్యాబ్ వాళ్ల మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. చిన్న చోట్ల నుంచి వచ్చి పెద్ద చోట నిలబడ్డవాళ్లూ ఉన్నారు. అర్బన్ మేయర్ బౌలింగ్ గ్రీన్ నుంచి యూటాకి, అక్కడి నుంచి ఫ్లోరిడాకి వచ్చాడు. జిమ్ ట్రెసెల్ యంగ్స్‌టౌన్ స్టేట్ నుంచి ఒహాయో స్టేట్‌కి వచ్చి రెండో ఏడాదే టైటిల్ కొట్టాడు. తర్వాత అలబామా కోచ్ అయిన కేలన్ డిబోర్ మొదలుపెట్టింది సూ ఫాల్స్ అనే బుల్లి కాలేజీలో, అక్కడ 67-3.

ఫ్రిస్కోలో ఉండే మన తెలుగువాళ్లకి దీనికి కంటి ముందే ఒక సాక్ష్యం ఉండేది. కిందిస్థాయి డివిజన్ ఫైనల్ చాలా ఏళ్లపాటు ఇక్కడి సాకర్ స్టేడియంలోనే జరిగేది. జనవరి వస్తే నార్త్ డకోటా స్టేట్ జనం పచ్చ, పసుపు టోపీలతో ఊరంతా నిండిపోయేవాళ్లు. మన వాళ్లం స్వెటర్ మీద జాకెట్ వేసుకుని వణుకుతుంటే వాళ్లు టీషర్టుల్లో తిరిగేవాళ్లు. ఆ టీమ్ ఆట చూస్తే ట్రిక్కులేమీ ఉండవు. లైన్ ముందుకి తోస్తుంది, ఎదుటివాడు వెనక్కి పోతాడు. కోచ్ క్రిస్ క్లైమన్ ఐదేళ్లలో నాలుగు టైటిళ్లు గెలిచి 2019 సీజన్‌కి కాన్సాస్ స్టేట్‌కి వెళ్లాడు, అక్కడ 2022లో బిగ్ 12 కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచాడు. నార్త్ డకోటా స్టేట్ కూడా బాయిసీ లాగా ఎవరున్నా గెలిచే చోటే, ఆయనకి ముందున్న కోచ్ కూడా టైటిళ్లు గెలిచాడు. అయినా ఈయన నిలబడ్డాడు. లైన్ బలం మీద కట్టిన ఆట పెద్ద కాన్ఫరెన్స్‌కి కూడా పనికొస్తుంది, వేగం మీద, మాయ మీద కట్టినది అంతగా పనికిరాదు అని నా నమ్మకం. సాక్ష్యం అడిగితే ఫ్రాస్ట్‌ని, క్లైమన్‌ని పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

కర్ట్ సిగ్నెటీ పేరెత్తకుండా ఇప్పుడు ఈ చర్చ జరగదు. అలబామాలో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న మనిషి, 2011లో ఆ ఉద్యోగం వదిలి ఐయూపీ అనే డివిజన్ టూ (బాగా కిందిస్థాయి) కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. తర్వాత ఈలాన్, తర్వాత జేమ్స్ మాడిసన్. అక్కడ 52-9. అరవై రెండేళ్ల వయసులో ఇండియానా పిలిచింది. అంతకుముందు ఏడాది 3-9 ఆడిన టీమ్. 2024లో 11-2, ప్లేఆఫ్. 2025లో 16-0. 2026 జనవరిలో మయామీ మీద 27-21తో జాతీయ ఛాంపియన్లు. ఇండియానా! పదేళ్ల కింద ఎవరైనా ఈ మాట చెప్తే నవ్వి ఊరుకునేవాళ్లం.

అది చూసి అందరూ "ఇంకో సిగ్నెటీ దొరుకుతాడు" అని వేటకి బయల్దేరారు. ఆయన దగ్గర ఉన్నదేంటో మాత్రం చూడట్లేదు. మూడు వేర్వేరు చోట్ల, మూడు వేర్వేరు స్థాయిల్లో గెలిచాడు. ఏ ఒక్క చోటి గొప్పతనమో అని అనడానికి లేదు. ఆఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్లు ఆయనతోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరిగినవాళ్లు. ఫ్రాస్ట్ కూడా స్టాఫ్‌ని తెచ్చాడు కదా అంటారేమో. తెచ్చాడు, కానీ ఆ బృందం కలిసి పనిచేసింది సెంట్రల్ ఫ్లోరిడాలో రెండేళ్లే. ఇక పెద్ద తేడా: సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ నుంచి పదమూడు మంది ఆటగాళ్లని కూడా వెంట తెచ్చుకున్నాడు. 2021కి ముందు ఇది కుదిరేది కాదు, స్కూల్ మారిన ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. ఫ్రాస్ట్ 2018లో క్వార్టర్‌బ్యాక్‌ని సెంట్రల్ ఫ్లోరిడాలోనే వదిలి రావాల్సి వచ్చింది. ఇప్పుడైతే కోచ్‌తో పాటు టీమ్‌లో సగం లేచిపోతుంది. కొనేవాళ్లకి పాత రిస్క్ కొంత తగ్గింది, పోగొట్టుకునే మీలాంటి స్కూళ్లకి అదంతా వచ్చి పడింది.

మీ దగ్గర జరిగింది అదే కదా. స్కూల్ చరిత్రలోనే లేని సీజన్, 12 గెలుపులు. డ్రూ మెస్టమేకర్ అనే కుర్రాడు హైస్కూల్ టీమ్‌లో కూడా మొదటి క్వార్టర్‌బ్యాక్ కాదు, స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరాడు, 2025లో దేశంలో అందరికంటే ఎక్కువ పాసింగ్ యార్డులు కొట్టాడు. ఎరిక్ మోరిస్ వెనకాలే అతనూ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లిపోయాడు.

మోరిస్ అక్కడ గెలుస్తాడా అంటే, నేనైతే ఈ ఏడాది కొత్త కోచ్‌లలో ఆయన మీద మధ్యస్థంగా పందెం కాస్తాను. క్వార్టర్‌బ్యాక్‌ని పసిగట్టే కన్ను మాత్రం ఆయనకి నిజంగా ఉంది. శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నెట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని క్యామ్ వార్డ్‌ని పట్టుకొచ్చింది ఆయనే. ఆ వార్డ్ 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. రెండు చోట్ల కట్టి చూపించాడు, అదీ మంచిదే. భయమల్లా డిఫెన్స్ గురించి, డెంటన్‌లో మొదటి రెండేళ్లూ అది ఘోరంగా ఉండేది. ఓక్లహోమా స్టేట్ 2025లో ఒక్కటంటే ఒక్కటే మ్యాచ్ గెలిచింది కాబట్టి మొదటి ఏడాది ఎవరూ గొంతు మీద కూర్చోరు. ఫ్లోరిడాకి వెళ్లిన జాన్ సమ్రల్ ట్రాయ్‌లోనూ, టులేన్‌లోనూ గెలిచాడు, ఆయన టీమ్‌లు లైన్ బలం మీద ఆడతాయి. నాకు అందరికంటే ఆయన మీద నమ్మకం ఎక్కువ. ఆబర్న్ తీసుకున్న అలెక్స్ గోలెష్ 2025 సెప్టెంబర్లో సౌత్ ఫ్లోరిడాతో వెళ్లి ఫ్లోరిడాని వాళ్ల మైదానంలోనే 18-16తో ఓడించాడు. ఆ ఒక్క మ్యాచ్ ఆయన రేటు ఎంత పెంచిందో ఊహించుకోండి. ఆయన ఆట కూడా వేగం మీద నడిచేదే, అందుకే కొంచెం గుబులు.

ఇక నీల్ బ్రౌన్. ట్రాయ్‌లో మొదటి ఏడాది 4-8, తర్వాత వరసగా మూడేళ్లు 10, 11, 10 గెలుపులు, మొత్తం 35-16. 2017లో ఎల్‌ఎస్‌యూని వాళ్ల ఊళ్లోనే ఓడించాడు, మరుసటి ఏడాది నెబ్రాస్కాని. ఆ పేరుతో వెస్ట్ వర్జీనియా పిలిచింది. ఆరేళ్లలో 37-35. ఘోరమనలేం, గొప్పా కాదు. పెద్ద జీతానికి ఆ రికార్డు చాలదు, తీసేశారు. ఈ జూదంలో పెద్ద స్కూల్ తరఫున ఓడిపోయిన చీటీ ఇప్పుడు మీ చేతికి వచ్చిందన్నమాట.

అలా తిరిగి కిందికి వచ్చినవాళ్లు బాగుపడతారా అంటే ఫ్లోరిడా అట్లాంటిక్ అనే స్కూల్‌ని అడగాలి. టాగర్ట్‌ని తీసుకుంది, 15-18. తర్వాత టామ్ హర్మన్‌ని తీసుకుంది, 6-16, రెండో సీజన్ మధ్యలోనే తీసేసింది. ఫ్రాస్ట్ కూడా మళ్లీ సెంట్రల్ ఫ్లోరిడాకే వచ్చాడు, ఈ లోపు ఆ స్కూల్ బిగ్ 12లోకి వెళ్లిపోయింది, 2017 నాటి సుఖం అక్కడ ఇప్పుడు లేదు. అయితే బ్రౌన్‌కీ వాళ్లకీ ఒక తేడా చూస్తున్నాను. ట్రాయ్‌లో ఆయన గెలిచింది ఒక్క మెరుపు సీజన్‌తో కాదు, అట్టడుగు నుంచి కట్టుకుంటూ వెళ్లి మూడేళ్లు నిలబెట్టాడు. చిన్న బడ్జెట్‌లో ఎలా బతకాలో తెలిసిన మనిషి.

మీరు చూడాల్సింది స్కోర్లు కాదు, కనీసం మొదటి ఏడాది. పోర్టల్ నుంచి ఎంతమంది లైన్‌మెన్ వచ్చారో లెక్కేయండి, రిసీవర్లు ఎంతమంది అన్నది వదిలేయండి. డిఫెన్స్ కోఆర్డినేటర్, స్ట్రెంగ్త్ కోచ్ ఎవరో, వాళ్లు అంతకుముందు బ్రౌన్‌తో ఎక్కడైనా పనిచేశారో చూడండి. సెప్టెంబర్లో ఏదైనా పెద్ద స్కూల్ మీద మ్యాచ్ ఉంటే గెలుపోటములు పక్కనపెట్టి మూడో క్వార్టర్లో మీ లైన్‌మెన్ ఎలా నిలబడ్డారో గమనించండి. స్పెషల్ టీమ్స్‌కి ప్రత్యేకంగా కోచ్ ఉన్నాడో లేదో కూడా. ఇవన్నీ స్కూల్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ పేజీలో ఉంటాయి, పది నిమిషాల పని. అక్టోబర్‌కల్లా మీకే ఒక అంచనా వచ్చేస్తుంది, అప్పుడు ల్యాబ్‌లో వాదనకి దిగొచ్చు. ఎనిమిది గెలిస్తే నేనైతే మంచి సీజనే అంటాను. పన్నెండు మాత్రం అడక్కండి.